మూడు వారాలకొకసారి ఈనే ఎలుక, నెలకొకసారి వచ్చే మనిషి: ఎలుకల నివారణ ఒప్పందంతో నా ఏడాది

ఒప్పందం గడువు ఈ నెల 18తో తీరిపోతుంది. మళ్లీ ఏడాదికి కట్టమని ఆ సంస్థవాళ్లు ఇప్పటికి మూడుసార్లు ఫోను చేశారు. కట్టాలో వద్దో తేల్చుకునే ముందు జరిగినదంతా ఒకచోట రాసి పెట్టుకుంటే నాకూ మంచిది, ఇలాంటి ఒప్పందం చేసుకోవాలనుకునేవాళ్లకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. సంస్థ పేరు రాయను. వాకబు చేస్తే మా ఊళ్లో మరో రెండు మూడు సంస్థల తీరు కూడా ఇంచుమించు ఇదేనని తెలిసింది.

మాది విజయవాడ సత్యనారాయణపురం. నలభై ఏళ్ల నాటి డాబా, అందులో కింది వాటా మాది. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఎలుకను చూడగానే కుర్చీ ఎక్కే మనిషిని కాను. తోక పట్టుకుని బల్ల మీద పెట్టి పిల్లలకు చూపించినదాన్ని. బల్ల మీది ఎలుక ఒక ఎత్తు, వంటింట్లో దానితో కాపురం ఇంకో ఎత్తు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మా వీధి దాకా నీళ్లు రాలేదు కానీ, పది రోజులు తిరగకముందే ఎలుకలు వచ్చాయి. అంతకు ముందు లేవని అనను. అవి రాత్రి పదకొండు దాటాక ఎవరికీ కనబడకుండా తిరిగేవి. ఈ కొత్తవి సాయంత్రం దీపం పెట్టే వేళకే గోడ వెంబడి తాపీగా నడిచిపోయేవి. సింగ్‌నగర్ నుంచే వచ్చాయని రుజువు చేయలేను. కలుగులోకి నీళ్లు వస్తే ఏ ప్రాణి అయినా మెరక వెతుక్కుంటుంది కదా.

నా తమ్ముడి ఇల్లు సింగ్‌నగర్‌లోనే. నీళ్లు తీశాక వాడూ మరదలూ మూడు రోజులు ఇంట్లోని బురద ఎత్తిపోశారు. వాడి మడమలకు ఏడాది పొడుగునా పగుళ్లే. బూట్లు వేసుకోరా అంటే వినలేదు. పదకొండో రోజున జ్వరం వచ్చింది. అప్పుడు ఆ చుట్టుపక్కలంతా జ్వరాలే. డెంగీ పరీక్ష చేసి, లేదని చెప్పి, మాత్రలిచ్చి పంపేశారు. నాలుగో రోజు నేను వెళ్లేసరికి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, కానీ పుసి లేదు. మంచం దిగి నిలబడలేకపోతున్నాడు. "అక్కా, పిక్కలు ఎవరో పట్టి పిండుతున్నట్టుంది" అన్నాడు. బురద, పగిలిన మడమలు, ఎర్రని కళ్లు, పిక్కల నొప్పి. నాకు గుండె జారిపోయింది. ఆ సాయంత్రమే వేరే ఆసుపత్రికి తీసుకెళ్లి, లెప్టోస్పైరోసిస్ పరీక్ష చేయమని నేనే అడిగాను. అదే తేలింది. అప్పటికే కామెర్లు మొదలయ్యాయి. పెన్సిలిన్ ఇంజక్షన్లతో ఆరు రోజులకు గట్టెక్కాడు.

ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఎలుక మూత్రపిండాల్లో హాయిగా కాపురం ఉంటుంది, ఎలుకకు ఏమీ కాదు. మూత్రంతో బయటికి వచ్చి తడిమట్టిలో వారాల తరబడి బతుకుతుంది. మన చర్మం మీది గీతలోంచో, కంటిలోంచో, నోటిలోంచో లోపలికి దిగుతుంది. 2005లో ముంబయి వరదల తర్వాత, 2018లో కేరళ వరదల తర్వాత ఇదే జబ్బు విరుచుకుపడింది. మలయాళంలో దీన్ని "ఎలి పని" అంటారు, ఎలుక జ్వరం అని అర్థం. తొందరగా పోల్చుకుంటే డాక్సీసైక్లిన్‌కో పెన్సిలిన్‌కో లొంగిపోతుంది. పోల్చుకోవడంలోనే వస్తుంది చిక్కంతా.

అందుకని అక్టోబరులో మా వంటింటి ఎలుకల సంగతి నాకు వేళాకోళంగా అనిపించలేదు. ఒక రాత్రి మూడున్నరకు లేచి వంటింట్లో కాలు పెడితే చీలమండ దాకా నీళ్లు. నీళ్ల ఫిల్టరుకు వెళ్లే సన్నని తెల్ల పైపును కొరికేసింది. పొద్దున ఆ ముక్కను భూతద్దం కింద పెట్టి చూశాను. జంటగా, పక్కపక్కనే, ఉలితో చెక్కినట్టు రెండేసి గాట్లు. ఎలుక ముందు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి పది సెంటీమీటర్లకు తక్కువ కాకుండా. కొరికి అరగదీసుకోకపోతే దాని నోరు దానికే పనికిరాదు. ఆ అవసరానికి నా పైపు దొరికింది. ఆ నెలలోనే వాషింగ్ మెషిన్ నీళ్లు పోయే గొట్టం, ఇన్వర్టరు తీగ, చివరికి మా అబ్బాయి కారు బానెట్‌లో తీగల కట్ట కూడా. ఒక్క కారుకే 11,400 రూపాయలయింది. ఇన్వర్టరు తీగ చూసిన ఎలక్ట్రీషియన్, రాగి బయటపడి తీగా తీగా రాసుకుంటోందని, ఇంకో వారం చూడకపోతే మంటలు లేచేవని అన్నాడు.

ఒప్పందానికి ముందు సొంత ప్రయత్నాలు చాలానే చేశాను. అవీ సమీక్షలో భాగమే కాబట్టి చెబుతాను. బానెట్‌లో పొగాకు కట్ట పెడితే నాలుగు రోజులు కారంతా చుట్ట కంపు కొట్టింది, అయిదో రోజు పొగాకు పక్కనే పెంటికలు. తర్వాత మనుషులకు వినబడని శబ్దం చేసి ఎలుకలను తరిమేస్తుందనే పరికరం, 849 రూపాయలు. దాని పచ్చదీపం వెలుగులోనే ఒక ఎలుక కూర్చుని మూతి తుడుచుకోవడం నా కళ్లారా చూశాను. ఆ శబ్దం గోడలనూ బీరువాలనూ దాటి వెళ్లలేదు, ఎదురుగా ఉన్నా కొద్ది రోజుల్లో ఎలుక దానికి అలవాటు పడిపోతుంది. అమెరికాలో వ్యాపార లావాదేవీలపై నిఘా పెట్టే సంస్థ 2001లోనే అరవైకి పైగా తయారీదార్లకూ అమ్మకందార్లకూ ఈ పరికరాల గురించి హెచ్చరిక లేఖలు పంపింది. కొనక ముందు చదవాల్సిన సంగతి కొన్నాక చదివాను.

జిగురు అట్ట ఒక్కసారే పెట్టాను. రాత్రంతా అది అరుస్తుంటే నాకు నిద్ర లేదు, పొద్దున చూస్తే ఇంకా ప్రాణం ఉంది. భారత జంతు సంక్షేమ మండలి ఈ అట్టలను వద్దన్నది ఊరికే కాదు. ఇనుప బోనులో మిరపకాయ బజ్జీ పెడితే మొదటి రోజే ఒకటి పడింది. చూస్తే మూతి కోసుగా ఉన్న చుంచు. పాపం దానికి పళ్లతో తీగలు కొరికే పనే లేదు, బొద్దింకలను తిని మనకు మేలే చేస్తుంది. వదిలేశాను. తర్వాత నిజమైన ఎలుక ఒకటి పడితే, పై వాటా కుర్రవాడు తీసుకెళ్లి ఏలూరు కాలువ గట్టున వదిలి వచ్చాడు. ఆ గట్టు పక్క ఇళ్లవాళ్లు తమ ఎలుకలను ఎక్కడ వదులుతున్నారో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

పక్క వాటావాళ్లు ట్యూబులో వచ్చే ముద్ద మందు వాడమన్నారు. పసుపు భాస్వరంతో చేసేది అది. పిల్లల నోట్లో పడితే కాలేయాన్ని తినేస్తుంది, విరుగుడు లేదు. మనవరాలు నేల మీద పాకుతున్న ఇంట్లో అది పెట్టడమంటే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

అలా 2024 నవంబరులో ఈ సంస్థకు ఫోను చేశాను. పన్నుతో కలిపి 5,900 రూపాయలు, నెలకొకసారి చొప్పున పన్నెండు సార్లు వస్తారు, మధ్యలో పిలిస్తే ఉచితం. వాళ్లిచ్చిన రంగుల కాగితంలో ఏయే జీవుల నుంచి రక్షణో రాసి ఉంది. అందులో "బాండికూట్" అని చదివి, సంస్థ తరఫున వచ్చిన కుర్రవాడు, "అంటే పెద్ద ఎలుక మేడమ్, ఫారిన్ రకం" అన్నాడు. "నాయనా, అది మన పందికొక్కు. ఇంగ్లీషువాళ్లు మన దగ్గర పేరు తీసుకెళ్లి నోరు తిరగక అలా చేశారు" అని చెప్పాను. నమ్మినట్టు లేదు.

ఆ కుర్రవాడికి మర్యాద ఉంది, టైముకు వస్తాడు. అంతవరకు వంక పెట్టను. కానీ పని మొత్తం పన్నెండు నిమిషాలు, గడియారం చూశాను. నల్ల ప్లాస్టిక్ పెట్టెలు ఆరు తెచ్చి, ఒక్కొక్క దానిలో నీలం రంగు మైనపు బిళ్ల పెట్టి, తాళం వేసి గోడ వారన పెట్టాడు. తాళం వేసే పెట్టె వాడడం మంచి పద్ధతి, పిల్లల చేతికీ పిల్లుల నోటికీ మందు అందదు. మందు పేరు అడిగితే "మా కంపెనీ ఫార్ములా" అన్నాడు. చీటీ చూపించనిదే సంతకం పెట్టనన్నాను. బండి దగ్గరికి వెళ్లి తెచ్చాడు. బ్రోమాడియోలోన్, 0.005 శాతం. ఇంట్లో ఏ మందు పెట్టినా ఈ పేరు రాసి పెట్టుకోండి. పొరపాటున ఎవరైనా మింగితే డాక్టరు మొదట అడిగేది అదే. దీనికైతే విరుగుడు ఉంది, కె1 విటమిన్.

"ఇది తిన్న ఎలుకకు దాహం వేసి నీళ్ల కోసం బయటికి పోయి చస్తుంది మేడమ్, ఇంట్లో వాసన రాదు" అన్నాడు. ఈ మాట మందుల కొట్లోనూ విన్నాను. దాహానికీ దీనికీ సంబంధం లేదు. ఈ మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, నాలుగు నుంచి ఏడు రోజుల్లో లోపల రక్తం కారి ప్రాణం పోతుంది. ఎక్కడ పడుకుంటే అక్కడే. మా ఇంట్లో అది హాల్లో పైకప్పు కింద అందానికి వేయించిన అట్టల వెనక పడుకుంది. తొమ్మిది రోజులు ముక్కు మూసుకుని భోంచేశాం. "వాసన రాదు" అన్న సంస్థ, అట్ట విప్పి తీయడం ఒప్పందంలో లేదంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. వచ్చిన ప్రతిసారీ ఆ పెట్టెల చోటు మార్చేవాడు. ఎలుక కొత్త వస్తువును నమ్మదు. దానికి వాంతి చేసుకునే శక్తి లేదు, అందుకే ఏదైనా ముందు కొసరంత కొరికి, కాచుకుని, ఏమీ కాకపోతేనే మళ్లీ ముట్టుకుంటుంది. పెట్టె కదలకుండా వారం పది రోజులు ఉంటే గానీ దానికి ఇంటి సామానులా కనిపించదు. ఈ కుర్రవాడు దాన్ని నెలనెలా కొత్త సామాను చేస్తున్నాడు. పైగా వంటగట్టు మీది పెంటికలను పొడి చీపురుతో ఊడ్చేశాడు. గట్టిగానే కేకలేశాను. ఆ దుమ్ము పీల్చకూడదు. బ్లీచింగ్ నీళ్లు చల్లి, నానబెట్టి, చేతి తొడుగులు వేసుకుని గుడ్డతో ఎత్తాలి. ఇది నేర్పకుండా మనిషిని ఇళ్లకు పంపడం ఆ కుర్రవాడి ఆరోగ్యంతోనూ ఆడుకోవడమే.

జనవరిలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడదామని అటక మీది పెట్టె దింపించాను. మా అమ్మ పాత నేత చీరల్లో చుట్టి దాచిన బొమ్మలు అవి. మూత తీస్తే రాజు, రాణి, పల్లకి మోసేవాళ్లు అందరూ చీర పీలికల మధ్య ఒరిగి ఉన్నారు. ఆ పీలికల గుంటలో ఎనిమిది పిల్లలు. ఒక్కొక్కటి నా చిటికెన వేలి సగం, ఒళ్లంతా గులాబీ రంగు, కళ్లు తెరవలేదు, పొట్ట చర్మం కింద తాగిన పాలు తెల్లగా కనబడుతున్నాయి. అంత చక్కగా పాఠంలో ఎప్పుడూ చూపించలేకపోయాను. అప్పుడే లెక్క తట్టింది. ఎలుక గర్భం ఇరవై ఒకటి నుంచి ఇరవై మూడు రోజులు. వీళ్లు వచ్చేది ముప్పై రోజులకొకసారి. ఒప్పందం రాసినవాళ్లకు కూడికలు వచ్చో రావో గానీ ఎలుకకు బాగా వచ్చు.

ఆ రోజు ఫోనులో నేను మాట్లాడిన తీరు నా పాత విద్యార్థులకు పరిచయమే. మర్నాడు వేరే మనిషి వచ్చాడు. యాభై దాటిన వయసు, దివిసీమ వైపు పల్లె, చేతిలో మందు సంచి లేదు, లైటు ఉంది. "టీచరుగారూ, ముందు దీపాలన్నీ ఆర్పేయండి" అన్నాడు. లైటును గోడకు ఆనించి పక్కవాటుగా వెలుతురు వేశాడు. నేల నుంచి రెండంగుళాల ఎత్తున, నలభై ఏళ్లుగా నేను చూస్తున్న గోడ మీద, జిడ్డుగా నల్లని చార ఒకటి. ఎలుక ఒళ్లు రోజూ అదే చోట రాసుకుని పడిన మరక. దాని వెంటే నడిచి, వంటగట్టు కింద, గ్యాసు గొట్టం గోడలోంచి వచ్చే కన్నం దగ్గర ఆగాడు. బొటనవేలు దూర్చి చూపించాడు. "ఇది దూరితే ఎలుక దూరుతుంది. పెన్సిలు దూరితే చిట్టెలుక దూరుతుంది."

తర్వాత ముగ్గుపిండి అడిగాడు. తడిపొడిగా కాకుండా బాగా ఆరిన పిండి. దాన్ని జల్లెడతో తలుపుల దగ్గర, తూము దగ్గర, అటక మెట్టు మీద పలచగా చల్లించి, పొద్దున చూసి ఫోను చేయమన్నాడు. పొద్దున చూశాను. ముందు పాదానికి నాలుగు వేళ్లు, వెనక పాదానికి అయిదు, మధ్యలో తోక ఈడ్చిన సన్నని గీత. వాకిట్లో చుక్కల ముగ్గు వేసే పిండితో నా వంటింట్లో అవి వేసిన ముగ్గు అది. మూడు దారులు తేలాయి. ఒకటి గ్యాసు గొట్టం కన్నం, రెండోది స్నానాల గది తూము, మూడోది పెరటి తలుపు కింది సందు.

పెరట్లో ఇంకో సంగతి బయటపడింది. స్నానాల గది వెనక గచ్చు ఒక మూల కుంగితే, కట్టుబడి పాతదయిందని అనుకుంటున్నాం. ఆయన గడ్డపలుగుతో పెళ్లను లేపాడు. కింద మట్టి లేదు, చేయి మోచేతి దాకా దిగే సొరంగం, పక్కన పోసిన కొత్త మట్టి కుప్ప. పందికొక్కు. "మా పొలాల్లో అయితే దీని గాదెలోంచి వరి కంకులు గంపలకెత్తేవాళ్లం. ఎలుక బుట్టలు పెట్టే యానాది పెద్దలు కలుగు మూతి చూసి లోపల ఎన్ని ఉన్నాయో చెప్పేవాళ్లు. ఆయనే నాకు గురువు, ఈ కంపెనీవాళ్లు కాదు" అన్నాడు. ఎవరు ఆ "ఆయన" అని అడిగితే, చిన్నప్పుడు తమ పొలంలో కుండతో కలుగులోకి పొగ ఊదిన తాత అని చెప్పాడు.

కన్నాలు మూయడానికి సంస్థ ధర ఒక్కొక్క దానికి 450 రూపాయలు, కన్నాలు మొత్తం పదకొండు. ఒప్పందంలో లేదు. ఆయన గొంతు తగ్గించి, "మేస్త్రిని పిలుచుకోండి టీచరుగారూ, తక్కువలో అవుతుంది" అన్నాడు. గిన్నెలు తోమే స్టీలు పీచును కన్నంలో బిగించి కూరి, పైన సిమెంటు. తూములకు ఇనుప జాలీ, మరలతో. తలుపు కింద రేకు పట్టీ. పందికొక్కు సొరంగంలో గాజు పెంకులు కలిపిన కాంక్రీటు. మేస్త్రి కూలీ, సామాను కలిపి 2,350 రూపాయలు. ఆయన మందు పెట్టెలను ఇంట్లోంచి తీసేయించి పెరటి గోడ వెంట మూడే ఉంచి, ఏడాది ముగిసేదాకా కదపలేదు.

ఫిబ్రవరి నెలాఖరుకు పిండి మీద అడుగులు ఆగిపోయాయి. జులై వానల్లో ఒకటి వచ్చింది, రేకు పట్టీ పక్కన చెక్క కొరికి. దాన్నీ సరిచేశాం. అప్పటి నుంచి ఇప్పటిదాకా పైపు మార్చలేదు.

నక్షత్రాలు ఇవ్వమంటే ఆ మనిషికి అయిదు, కుర్రవాడికి రెండు (ఆ రెండూ తాళం పెట్టెలకే), సంస్థకు ఒకటిన్నర. నా ఇల్లు బాగుపడింది 2,350తో. ఒప్పందానికి కట్టిన 5,900లో నాకు దక్కింది ఆయన వచ్చి చూసిన రెండు గంటలు, పెరట్లో మూడు పెట్టెలు. మీరు ఎవరిని పిలిచినా మందు పెట్టక ముందు దారులు వెతుకుతారా, కన్నాలు మూయడం ధరలో ఉందా, చచ్చినదాన్ని తీసే పూచీ ఎవరిది అని అడగండి. మూడింటికీ సూటిగా జవాబు చెప్పినవాళ్లు నాకింకా తగలలేదు.

నిన్న మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి 6,500. ఆ పెద్దమనిషినే పంపిస్తామని కాగితం మీద రాసిస్తే కడతానన్నాను. మనుషులు ఏరియాను బట్టి మారుతుంటారు మేడమ్, అలా రాసివ్వడం కుదరదన్నారు. అయితే వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వచ్చి చూసిపోవడానికి ఎంత అని అడిగాను. అలాంటి పథకం లేదట. సరే, గడువు తీరగానే మీ పెట్టెలు తీసుకెళ్లండని చెప్పాను. స్నానాల గది తూము జాలీకి తుప్పు పట్టింది, ఆదివారం మేస్త్రి వస్తానన్నాడు.